పక్కింటి అమ్మాయీ, పరాయి గొంతూ

పాట విని మనసిచ్చిన అమ్మాయి, తీరా పాడినవాడు వేరొకడని తెలిసిన తర్వాత కూడా పెదవులు ఆడించినవాణ్ణే పెళ్ళాడితే, దానికి ఏమని పేరు పెట్టాలి? కోర్టువారైతే దగా అంటారు. వేదాంతులైతే మాయ అంటారు. 1953లో మన సినిమావారు దానికి 'పక్కింటి అమ్మాయి' అని పేరు పెట్టారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి కడుపుబ్బ నవ్వుకున్నారు.

కథ చాలా చిన్నది. ఒక కుర్రవాడు. పక్కింట్లో ఒక అమ్మాయి. అమ్మాయికి సంగీతమంటే ప్రాణం. కుర్రవాడికి అమ్మాయి అంటే ప్రాణం. సంగీతం మాత్రం అతని ఛాయలకు రాదు. స్నేహితుల్లో ఒకడు చక్కగా పాడతాడు. ఇక ఆలోచనకేం కొదవ? స్నేహితుడు చాటున కూచుని పాడతాడు, మనవాడు కిటికీలో నిలబడి నోరు కదుపుతాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంటుంది. అక్కడినుంచి గుట్టు బయటపడేదాకా ఒకటే నవ్వు. బయటపడ్డాక కాస్త ఏడుపు. ఆ తర్వాత షరామామూలుగా పెళ్ళి.

కుర్రవాడు రేలంగి. అమ్మాయి అంజలీదేవి. చాటున పాడేవాడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఏ.ఎం. రాజా. అంటే పాటగాడి వేషానికి పాటగాణ్ణే తెచ్చి నిలబెట్టారన్నమాట. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్యగారు. మూకీలనాడే కాకినాడలో బొమ్మలు తీసినవారు, 1934 నాటి 'లవకుశ' తీసినవారు ఆయనే. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'లో రేలంగికి తొలి వేషమిచ్చింది ఆయన. 1947లో 'గొల్లభామ'తో అంజలీదేవికి ఆ పేరు పెట్టి తెరమీద నిలిపిందీ ఆయనే. ఇంటి పెద్ద తాను చేరదీసిన పిల్లలిద్దరిచేతా ఆడించిన ఆటలాగా ఉంటుంది ఈ బొమ్మ. కథ మాత్రం మనది కాదు, బెంగాలీవారిది. అరుణ్ చౌధురి రాసిన కథను 1952లో 'పాశేర్ బాడీ' అని తీస్తే, భాను బందోపాధ్యాయ కుర్రవాడి వేషం కట్టాడు. ఏడాది తిరిగేసరికి అది తెలుగైంది. అరువు తెచ్చుకున్న కథ అరువు గొంతు గురించి కావటం చమత్కారంగానే ఉన్నది.

ఇది పక్కింటి ప్రేమ కథే అయినా లోపలున్నది సినిమా కథ. కిటికీలో నిలబడి నోరు కదిపేవాడు హీరో. వెనుక కూచున్నవాడు నేపథ్యగాయకుడు. ఎదుటి కిటికీలో కూచుని కరిగిపోయేది ప్రేక్షకురాలు. మైకూ, కెమేరా, సౌండు ఇంజనీరూ కనబడకపోతేనేం? స్టూడియోలో రోజూ జరిగే తంతు అంతా ఆ రెండు కిటికీల మధ్య జరిగిపోతుంది.

టాకీ వచ్చిన కొత్తలో సినిమావారికి తమ బాధలు తమకే నవ్వు తెప్పించాయి. అంతవరకూ స్వేచ్ఛగా తిరిగిన కెమేరా, చప్పుడు వినబడకుండా ఒక పెట్టెలో దాక్కోవలసి వచ్చింది. పూలకుండీలో మైకు పెట్టి, నాయిక పూలకుండీతో ప్రేమ కబుర్లు చెప్పవలసి వచ్చింది. జర్మనీవారు ఒకే కథను ఒకే సెట్టుమీద జర్మనులో ఒకసారీ, ఇంగ్లీషులో ఒకసారీ తీసేవారు. 1930 నాటి 'బ్లూ ఏంజెల్' అట్లా రెండు భాషల్లో తయారైందే. అదే ఏడు బెర్లిన్‌లో స్టీఫన్ సెకెలీ అనే ఆయన సినిమా స్టూడియోనే రంగస్థలంగా పెట్టుకొని ఒక బొమ్మ తీశాడు. దాని పేరుకు తెలుగు చెబితే 'పెద్ద తహతహ' అని వస్తుంది. గుంపులో నిలబడే చిన్న వేషాల అమ్మాయి తార కావాలన్న తహతహ అది. నాటి జర్మన్ తారలు చాలామంది అందులో తాము తాముగానే తెరమీద ఇలా వచ్చి అలా పోతారు. తెరమీద బొమ్మ చూపటంతోపాటు తెర వెనుక భాగోతం కూడా చూపిస్తే జనానికి సరదా అని వారు అప్పుడే కనిపెట్టారు.

అంతకు ముందు ఏడాది, 1929లో, ఇంగ్లండులో అచ్చు మన పక్కింటి అమ్మాయి కథే నిజంగా జరిగింది. హిచ్‌కాక్ 'బ్లాక్‌మెయిల్' అనే మూకీ తీస్తూ తీస్తూ దానిని టాకీగా మార్చాడు. నాయిక ఆనీ ఓండ్రా చెక్ దేశపు పిల్ల. అందంగా ఉంటుంది, ఇంగ్లీషు మాట్లాడితే మాత్రం యాస. ఒకరు నటించాక మరొకరి గొంతు అతికించే సౌకర్యం అప్పటికింకా కుదరలేదు. ఏం చేశారు? జోన్ బారీ అనే మరో నటిని కెమేరాకు కనబడకుండా పక్కన నిలబెట్టారు. ఆమె మాట్లాడుతుంటే ఈమె పెదవులు కదిపింది. రేలంగి కిటికీలో చేసిన పని ఆమె కెమేరా ముందు చేసింది. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ ఆనీ ఓండ్రాయే తర్వాత జర్మనీ వెళ్ళి టాకీ హాస్యచిత్రాల్లో తన గొంతుతో తానే మాట్లాడి పేరు తెచ్చుకున్నది.

మన సంగతి చూద్దాం. 1931లో వచ్చిన 'కాళిదాసు'లో కొందరు తెలుగు, నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడారు. ఎవరి భాష వారిది, ఎవరి గొంతు వారిది. 1932లో హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు సురభి నాటక సమాజపు నటులు వెళ్ళి, రంగస్థలంమీద పాడినట్లే కెమేరా ముందు పాడారు. హార్మోనియం, తబలా పక్కనే ఎక్కడో కనబడని చోట ఉండాలి. పాట తప్పితే మొదటినుంచీ మళ్ళీ నటించాలి. పాడగలిగినవాడే నటుడు. పాడలేనివాడు బల్లెం పట్టుకొని ద్వారం దగ్గర నిలబడవలసిందే.

దీన్ని మా ప్రాంతంవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, త్రిపురాంతకం - ఎక్కడ తిరునాళ్ళ జరిగినా, ఎక్కడ తేరు సాగినా పద్యనాటకం ఉండవలసిందే. తెల్లవార్లూ హార్మోనియం మోగవలసిందే. హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి రాగం అందుకొని దీర్ఘం తీస్తే, దుప్పట్లు కప్పుకొని కూచున్న జనం 'ఒన్స్ మోర్' అంటారు. భార్యను అమ్ముకున్న దుఃఖంలో ఉన్నవాడు మళ్ళీ మొదటినుంచీ అందుకుంటాడు. రసభంగమని పండితులు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. జనం ఒన్స్ మోర్ కొట్టేది హరిశ్చంద్రుడికి కాదు, ఆ గొంతుకు. ఆ గొంతు ఆ మనిషిదేనన్న నమ్మకానికి. అటువంటి జనం ముందు ఒకడు ఊరికే నోరు తెరిచి నిలబడి, వెనకాల మరొకడు పాడాడంటే చెప్పులు విసిరేవారు.

అయితే ఇక్కడ ఒక పేచీ ఉన్నది. అదే జనం, అదే తిరునాళ్ళలో, తోలుబొమ్మలాట కూడా చూశారు. అక్కడ తెరమీద ఆడేది బొమ్మ. పాడేది వెనకాల కూచున్న ఆటగాళ్ళు. రావణుడి పద్యాలూ వాళ్ళవే, సీత శోకమూ వాళ్ళదే, యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళకింద చెక్కలు టకటకలాడించేదీ వాళ్ళే. దానిని మోసమని ఎవరూ అనలేదు. కూచిపూడి భాగవతులు ఆడితే పాత్రధారి అభినయానికి పక్కనున్నవారు గొంతు కలిపేవారు. అదీ ఎవరికీ తప్పు తోచలేదు. అంటే గొంతు వేరు, ఒళ్ళు వేరు కావటం మనకు కొత్త కాదు. తోలుబొమ్మకు ప్రాణం లేదని ముందే తెలుసు గనుక మనకు అభ్యంతరం లేదు. మనిషి కూడా బొమ్మేనని ఒప్పుకోవటానికే కాస్త వ్యవధి పట్టింది.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఒక మాట గురించి చెప్పకుండా ఉండలేను. నేపథ్యగానం అంటున్నాము గదా, ఆ 'నేపథ్యం' అనే మాటకు సంస్కృతంలో తెర వెనుక చోటు అని ఒక అర్థం, వేషం, అలంకారం అని మరొక అర్థం. పాత నాటకాల్లో తెర వెనుకనుంచి మాట వినబడవలసిన చోట 'నేపథ్యంలో' అని రాసేవారు. ముందున్నవాడి వేషమూ, వెనుకున్నవాడి తావూ ఒకే మాటలో ఇమిడి ఉన్నవి. 'ప్లేబాక్' అన్న ఇంగ్లీషు మాటకు ఈ లోతు లేదు. అది ఉత్త యంత్రం మాట.

మన దేశంలో ఆ యంత్రం పని 1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌వారు మొదలుపెట్టారు. నితిన్ బోస్ దర్శకుడు, ఆర్.సి. బోరల్ సంగీతం. తెలుగులో 1943 నాటి 'భాగ్యలక్ష్మి'లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడారు. 1944లో 'తహసీల్దార్'లో నారాయణరావుగారికి ఎం.ఎస్. రామారావు పాడారు. అప్పటికీ పాడుకునేవారు పాడుకుంటూనే ఉన్నారు. 'భక్త పోతన' కానివ్వండి, 'త్యాగయ్య' కానివ్వండి, నాగయ్యగారికి మరొకరు పాడటమేమిటి! అక్కినేనివారు కూడా తొలిరోజుల్లో తమ పాట తామే పాడుకున్నారు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారైతే కడదాకా తన గొంతును మరొకరి చేతికి ఇవ్వలేదు. 1950 దాటేసరికి మాత్రం ధోరణి స్థిరపడింది. రూపం ఒకరిది, కంఠం ఒకరిది. సరిగ్గా అప్పుడు వచ్చింది 'పక్కింటి అమ్మాయి'. ఈ కొత్త ఏర్పాటుమీద జనంలో మిగిలి ఉన్న అనుమానాన్ని బయటికి లాగి, దానిమీదనే నవ్వించి, ఆ నవ్వులోనే అనుమానాన్ని కడిగేసిందని నాకు తోస్తుంది. నవ్విన తర్వాత ఇక ఎవరు కోపగిస్తారు?

ఇందులో మరో తమాషా. పాట రానివాడి వేషం కట్టిన రేలంగికి పాట రాకపోలేదు! అంతకు రెండేళ్ళ ముందు, 1951లో, 'పాతాళభైరవి'లో రాణిగారి తమ్ముడు వేషంలో ఆయన పాడిన ప్రేమపాట స్వయంగా ఆయనదే. ఆ పాటను ఊరూరా కుర్రకారు ఎగతాళికి పాడుకున్నారు. 1955లో 'మిస్సమ్మ'లోనూ ఆయన పాటలు ఆయనే పాడుకున్నారు. మరి అదే 'మిస్సమ్మ'లో రామారావుగారికి పాడినదెవరు? ఏ.ఎం. రాజా! రెండేళ్ళ కిందట తన వెనుక కూచుని పాడిన మనిషి ఇప్పుడు రామారావుగారి వెనుక పాడుతుంటే, రేలంగి పక్కన నిలబడి తన పాట తానే పాడుకున్నాడు. పాడగలిగినవాడు పాడలేనట్లు నటించాడు. అందగాడైన కథానాయకుడు పాడగలిగినట్లు నటించాడు. మొదటిదానికి నవ్వాము. రెండోదానికి మైమరచాము. రెండూ ఒకే విద్య.

ఇక మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. ఆ అమ్మాయి పాటగాణ్ణి ఎందుకు పెళ్ళాడలేదు?

శ్రీనాథుడి 'శృంగార నైషధం' పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఇటువంటి ప్రశ్నే వేస్తారు. నలుడి గుణాలన్నీ దమయంతికి చెప్పింది హంస. ఆ మాటల సొగసుకే ఆమె కరిగింది. నలుణ్ణి ఆమె చూడనైనా లేదు. తర్వాత ఆ నలుడే దేవతల తరఫున రాయబారిగా వచ్చి, ఇంద్రుణ్ణి వరించమని నచ్చజెప్పబోతాడు. తన ప్రేమను దిగమింగుకొని పరుల ప్రేమకు గొంతు అరువిచ్చాడన్నమాట. దమయంతి ఏం చేసింది? హంస మాట విని నలుణ్ణి కోరుకున్నది. నలుడి నోట విన్న ఇంద్రుణ్ణి కాదన్నది. మాట ఎంత తియ్యగా ఉన్నా, మాట తెచ్చినవారిని మాట తెచ్చినవారుగానే చూసింది. గట్టి పిల్ల!

ఫ్రెంచివారు దీనికి సరిగ్గా ఎదురు కథ రాసుకున్నారు. 1897లో ఎడ్మండ్ రోస్తాఁ రాసిన 'సిరానో' నాటకంలో, ముక్కు మరీ పొడుగైన సిరానో చీకట్లో మేడకింద నిలబడి, అందగాడైన క్రిస్టియన్‌కోసం మాటలు పలుకుతాడు. మేడమీది రోక్సాన్ ఆ మాటలకు వశమైపోతుంది. తాను ప్రేమించింది ఆ గొంతునేనని పదిహేనేళ్ళ తర్వాత, ఆ గొంతు ఆగిపోబోయే క్షణాన, ఆమెకు తెలుస్తుంది. ఇది విషాదం. మన కథను చాటున పాడినవాడి వైపునుంచి చెబితే ఇట్లాగే ఉంటుంది. కిటికీలో నిలబడినవాడి వైపునుంచి చెప్పారు గనుక హాస్యమైంది.

మా జేజికి - జేజి అంటే మావైపు నాయనమ్మ - రోస్తాఁ తెలియడు. 'పక్కింటి అమ్మాయి'ని ఆమె గిద్దలూరులో డేరా సినిమాలో చూసింది. అప్పట్లో మా ఊళ్ళు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా ఏర్పడ్డాకే మేము అటు తిరిగాము. ఫిలిం పెట్టె మీటరు గేజి రైల్లో దిగేది. నేల టిక్కెట్టువారు ఇసుక కుప్ప చేసుకొని దానిమీద కూచునేవారు. జేజి కథంతా చెప్పుకొచ్చిన తర్వాత, చిన్నప్పుడు, నేనే అడిగాను ఈ ప్రశ్న. ఆమె వక్క నములుతూ అన్నది:

"పాటెంతసేపురా అబ్బయ్యా? మూడు నిమిషాలు. కాపురం ముప్పై ఏండ్లు. ఆ పిల్లకోసం నానా గడ్డీ కరిచినోడు ఈడు. స్నేహితుడు చెప్పినాడని పాడిపెట్టినోడు ఆడు. ఎవుణ్ణి చేసుకోవాల?"

నైషధంమీద వచ్చిన వ్యాఖ్యానాలు కొన్ని చదివాను. ఇంత సూటిగా చెప్పినవారు లేరు. అయినా జేజి మాటలో నాకు సరిపడనిది ఒకటున్నది. 'పాడిపెట్టినోడు' అన్నది చూశారా! పాట పాడటమంటే ఇంటి పనిలో చిన్న సాయం, పొరుగువాడికి నిచ్చెన ఎరువిచ్చినట్లు. పాడినవాడికి పెళ్ళికూతురు అక్కరలేదు, సరే. ఫలానావాడు పాడాడన్న మాట కూడా అక్కరలేదా?

ఈ కథ తర్వాత చాలా చోట్ల తిరిగింది. 1960లో తమిళంలో 'అడుత్త వీట్టు పెణ్' అయింది. అంజలీదేవిగారి సొంత చిత్రం, ఆదినారాయణరావుగారి సంగీతం, వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వం. ఏడేళ్ళ తర్వాత కూడా ఆమే పక్కింటి అమ్మాయి! అందులో చాటున పాడే స్నేహితుడి వేషం హాస్యనటుడు తంగవేలుది. ఆయనకు గొంతు పి.బి. శ్రీనివాస్‌ది. అంటే రామచంద్రన్ పెదవులు కదుపుతాడు, ఆయన వెనుక తంగవేలు పెదవులు కదుపుతాడు, ఆయన వెనుక ఎక్కడో స్టూడియోలో శ్రీనివాస్ పాడతారు. అరువుమీద అరువు! 1968లో హిందీలో 'పడోసన్' వచ్చింది. సునీల్‌దత్ వెనుక కిశోర్‌కుమార్ స్వయంగా వేషం కట్టి పాడాడు. అది బాగుంది. పోటీకి వచ్చిన సంగీతం మాస్టరు మెహమూద్‌కు మాత్రం మన్నాడే పాడారు. గొంతుల పందెం జరిగే ఆ పాట విని ఎవరు గెలిచారంటే ఏం చెప్పగలం? 1981లో మళ్ళీ తెలుగులో అదే పేరుతో వచ్చింది. చంద్రమోహన్, జయసుధ నటించారు. చాటున పాడే వేషానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు వచ్చారు.

మన భాషలో రెండుసార్లు తీస్తే రెండుసార్లూ పాటగాణ్ణే తెరమీదికి తెచ్చారు. 1953లో రాజా, 1981లో బాలు. ఈ ఒక్క కథలో, ఈ ఒక్క వేషంలో, రోజూ కనబడనివాడు కనబడ్డాడు. రికార్డు మీద చిన్న అక్షరాల్లో ఉండే పేరుకు ముఖం వచ్చింది. నాకు ఈ బొమ్మలమీద ఇంత మక్కువ ఉండటానికి అసలు కారణం అదే.

రికార్డుమీద ఆ చిన్న అక్షరాలు కూడా ఊరికే రాలేదు. 1949లో హిందీ 'మహల్' రికార్డులు వచ్చినప్పుడు గాయని పేరున్న చోట 'కామిని' అని వేశారు. కామిని ఎవరు? కథలో నాయిక పేరు! శ్రోతలు పాడిందెవరని రేడియోకు ఉత్తరాలు రాస్తే గాని లతా మంగేష్కర్ పేరు బయటికి రాలేదు. 1957లో ఫిలింఫేర్‌వారు తమ వేడుకలో పాడమంటే, గాయకులకు బహుమతి లేనిచోట నేను పాడనని ఆమె నిరాకరించింది. 1959నుంచి గాయకులకూ బహుమతి పెట్టారు. మన జాతీయ బహుమతుల్లో నేపథ్యగాయనికి తొలిసారి వచ్చింది 1968 సంవత్సరానికి. అందుకున్నది విజయనగరం ఆడపడుచు పి. సుశీలగారు. అది తమిళ చిత్రానికి రావటం వేరే విషయం.

అమెరికావారి కథ ఇంకా విచిత్రం. 'పాశేర్ బాడీ' వచ్చిన 1952లోనే అక్కడ 'సింగింగ్ ఇన్ ది రెయిన్' వచ్చింది. టాకీలు వచ్చిన కొత్త రోజుల కథ. గొంతు బాగాలేని తారకు తెర చాటున ఒక పేదపిల్ల పాడుతుంది. చివర తెర లాగేస్తారు, అసలు గాయని ఎవరో లోకానికి తెలుస్తుంది, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఎంత న్యాయం! కాని ఆ పేదపిల్ల వేషం కట్టిన డెబీ రేనాల్డ్స్‌కే ఒక పాటలో బెటీ నోయెస్ అనే ఆమె గొంతు అరువిచ్చింది. తెర చాటు గాయనికి న్యాయం చేసిన ఆ చిత్రంలో, తెర చాటు గాయని బెటీ నోయెస్ పేరు వేయలేదు.

రాజాగారి విషయం రెండు ముక్కలు. చిత్తూరు జిల్లావాడు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో బి.ఏ. చదివి, 1951లో జెమినీవారి తమిళ 'సంసారం'తో పైకి వచ్చాడు. గాయని జిక్కిని పెళ్ళాడాడు. పాటగాడికి పెళ్ళికూతురు లేదన్న లోటు ఆయన జీవితంలో లేదు. 1958లో 'శోభ', 1960లో 'పెళ్ళికానుక' - వీటికి సంగీతం కూర్చింది ఆయనే. దక్షిణాది భాషలన్నింటా పాడాడు. 1989 ఏప్రిల్లో కచేరీకి వెళుతూ తమిళదేశంలో వల్లియూరు స్టేషనులో రైలు ప్రమాదంలో పోయాడు. ఇప్పటికీ 'మిస్సమ్మ' పాట వినబడగానే మా కాలేజీ పిల్లలు "ఎన్.టి.ఆర్. పాట" అంటారు. రాజా పాట అని అన్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఇదంతా సినిమావాళ్ళ గొడవ, మనకెందుకంటారా? కొన్నేళ్ళ కిందట ఒక కాలేజీ వార్షికోత్సవానికి నృత్యనాటిక పెట్టారు. నేనూ అక్కడే ఉన్నాను. నాయిక వేషం చక్కని పిల్లకు ఇచ్చారు. ఆ పిల్లకు పాట రాదు. పాడే పిల్ల వేరే ఉన్నది. పలకల గనిలో పనిచేసే ఇంటినుంచి బస్సులో వచ్చి చదువుకునే పిల్ల. మైకు, శ్రుతిపెట్టె ఇచ్చి ఆమెను పక్క తెర వెనుక కూచోబెట్టారు. నాటిక రక్తి కట్టింది. ముఖ్య అతిథి లేచి, నాయికను పిలిచి, "ఎంత బాగా పాడావమ్మా!" అని శాలువా కప్పారు. నాయిక తెల్లబోయి ఏదో చెప్పబోయింది గాని ఈలల్లో ఆ మాట వినబడలేదు. తెర వెనుక పిల్ల మైకు తీగ చుట్టలు చుడుతున్నది.

తర్వాత ఆ పిల్లను అడిగాను, ఏమనిపించిందమ్మా అని. "మా అమ్మ ముందు వరసలోనే కూచుంది సార్. నా గొంతు ఆమెకు తెలుసు" అన్నది. అని, కాసేపు ఆగి, "వచ్చే ఏడు కరపత్రంలో పేరు వేయించండి సార్" అన్నది.

వేయించాము. 'గానం' అని పెట్టి, పక్కన పెద్ద అక్షరాల్లో ఆమె పేరు. అచ్చాఫీసువాళ్ళ పుణ్యాన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆ పిల్ల నా దగ్గర పెన్ను అడిగి తీసుకొని, ఆ అక్షరం కొట్టేసి, పైన సరిగా రాసి, కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి అమ్మకు చూపించటానికి పట్టుకుపోయింది.